తిరిగి పట్టుకునే పిడి

మొదలుపెట్టినప్పుడు అతని దగ్గర ఉన్నది రెండు నెలల జీతం. అందులో ఒక నెలది ఇంకా చేతికి రానేలేదు. వచ్చిన జీతంతో చిన్న స్క్రూడ్రైవర్లు, రెండు పట్టకార్లు, భూతద్దం బిగించిన దీపం, ఆవగింజంత మరలున్న డబ్బా ఒకటి కొన్నాడు. పోగా మిగిలింది నేల కింద నడిచే కింది రైలు నెల పాసుకి సరిపోయింది. మిగతా సరుకంతా చెప్పిన మాట విన్నది. చిక్కంతా ఆ పాసుతోనే వచ్చింది.

అతను విరిగిన కళ్ళద్దాలు బాగుచేస్తాడు. అంతకుముందు ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు లెక్కపెట్టేవాడు. ఒకసారి అక్క కళ్ళద్దాల కాడ ఊడిపోతే ఇద్దరూ కలిసి షాపుకి వెళ్ళారు. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత చిన్న పని ఎవరు చేస్తారమ్మా, కొత్తవి తీసుకోండి" అన్నాడు. ఆ మాట అక్కకి చిరాకు తెప్పించింది, తమ్ముడికి ఉద్యోగం మానేసే ధైర్యం తెప్పించింది. ఇలా చెప్పి పంపించేసే షాపులు నగరంలో ఎన్నుంటాయి, షాపుకి రోజుకి ఎన్ని జతలు, జతకి ఎంత అని ఇంటికొచ్చేలోపే లెక్క కట్టేశాడు. లెక్కలు అతనికి దగ్గు వచ్చినట్టు వస్తాయి. ఆపుకోలేడు.

ఇప్పుడతనికి పదకొండు షాపులున్నాయి. అక్క ఇంటి నుంచి నది దాకా పోయే కింది రైలు దారిలో, స్టేషన్‌కి ఒకటి చొప్పున. పొద్దున వెళ్ళేటప్పుడు బాగుచేసినవి ఇచ్చుకుంటూ వెళ్తాడు, వచ్చేటప్పుడు విరిగినవి తీసుకుంటూ వస్తాడు. మధ్యాహ్నం నుంచి అక్క భోజనాల బల్ల మీద పని.

"ఒక్క స్టేషన్ కూడా వదల్లేదు చూశారా! బుర్రంటే అది" అని లావు అద్దాల షాపాయన మిగతా షాపులవాళ్ళకి చెబుతుంటాడు. ఆయన షాపు నదికి ఇవతల చివరి స్టేషన్‌ని ఆనుకుని ఉంటుంది. ఆయన పెట్టుకునే అద్దాలు సీసా అడుగులంత మందం, అందుకా పేరు.

అసలు సంగతి వేరు. కళ్ళద్దాల కుర్రాడు కింది రైల్లో ఒక స్టేషన్‌కి మించి ప్రయాణం చేయలేడు.

తలుపులు ఉస్సుమని మూసుకోగానే నోట్లో తడి ఆరిపోతుంది. కిటికీలో వెలుతురు పోయి నల్లటి గోడ పరుగెత్తడం మొదలవగానే లెక్క మొదలవుతుంది. పెట్టెలో ఇంతమంది, ఒక్కో మనిషీ నిమిషానికి ఇంత గాలి పీలుస్తాడు, పెట్టె పొడవూ వెడల్పూ ఎత్తూ ఇంత, పోగా మిగిలిన గాలి ఇంత. పెట్టె కప్పులో ఫ్యాన్లున్నాయనీ, అవి బయటి గాలిని లోపలికి తోస్తూనే ఉంటాయనీ అతనికి తెలుసు. ఆ లెక్కలోకి ఫ్యాన్లు మాత్రం రావు. సరిగ్గా తర్వాతి స్టేషన్ వచ్చేసరికి మిగిలిన గాలి సున్నాకి దగ్గరపడుతుంది. తలుపులు తెరుచుకుంటాయి. అతను దిగిపోతాడు. ప్లాట్‌ఫాం మీద రెండు గుక్కల నీళ్ళు తాగి, మెట్లెక్కి, షాపులో నవ్వుతూ కళ్ళద్దాలిచ్చి, మళ్ళీ కిందికొచ్చి ఇంకో రైలెక్కుతాడు. షాపులు స్టేషన్‌కి ఒకటి చొప్పున కుదిరింది అలాగే. వ్యాపారమంతా ఆ గాలి లెక్క చుట్టూ కట్టుకున్నదే.

అక్కకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. అక్కకైనా అతను చెప్పలేదు. చిన్నప్పుడు లిఫ్టు వదిలేసి ఏడంతస్తులూ మెట్లెక్కి వచ్చే తమ్ముణ్ణి చూసిన మనిషి కాబట్టి తనే గ్రహించి ఊరుకుంది.

అతను ఎప్పుడూ మూడో పెట్టెలోనే ఎక్కుతాడు. పిడి ఉన్నది అందులోనే. నిలబడ్డవాళ్ళు పట్టుకోవడానికి ప్రతి పెట్టెలోనూ కప్పు నుంచి వరసగా పిడులు వేలాడుతుంటాయి కదా, మూడో పెట్టెలో రెండో తలుపు పక్కనున్న పిడి మాత్రం పట్టుకున్నవాళ్ళని తిరిగి పట్టుకుంటుంది. చూడ్డానికి అన్నిటిలాగే ఉంటుంది, రబ్బరు కాస్త పసుపు తిరిగింది, అంతే. గుండె దడదడలాడే మనిషి దాన్ని పట్టుకుంటే కొంతసేపటికి వెచ్చబడి, వేళ్ళ చుట్టూ మూసుకుంటుంది. దానికి వదలాలనిపించినప్పుడు వదులుతుంది. ఈ దారిలో ఏ రైలు వచ్చినా దాని మూడో పెట్టెలో ఆ పిడి ఉంటుంది. అన్ని రైళ్ళలోనూ ఒకటే పిడి ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. రైలువాళ్ళు దాని పైన ఒక బోర్డు మాత్రం పెట్టారు: "పిడి పట్టుకున్నవారు లాగరాదు. అదే వదులుతుంది."

ఆఫీసుల్లో జ్వరం తర్వాత ఎక్కువగా చెల్లే కారణం ఇదే. "పట్టుకుంది సార్, వదలగానే వస్తా" అంటే ఎంత కటువైన మేనేజరైనా "సరే, లాగకండి" అంటాడు. పరీక్షకి వెళ్ళే పిల్లల్ని పట్టుకుంటుంది. బిడ్డ పుట్టిందని కబురందిన తండ్రుల్ని పట్టుకుంటుంది. ఒక పెళ్ళికొడుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టుకుంటే రెండువైపుల చుట్టాలూ అదే పెట్టెలో సర్దుకుని కూర్చున్నారు.

కళ్ళద్దాల కుర్రాణ్ణి మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు. రోజూ అతనే పట్టుకుంటాడు, అది చల్లగా రబ్బరులాగే ఉంటుంది. ఇంత భయం దానికి చాలలేదా అని లోలోపల చిన్నబుచ్చుకునేవాడు.

ఆ పిడి కింద సీట్లో బొత్తాల పిన్ని కూర్చుంటుంది. టైలర్లకి బొత్తాలు అమ్మే మనిషి. ఒళ్ళో అరలు అరలుగా ఉన్న రేకు పెట్టె పెట్టుకుని, ప్రయాణమంతా బొత్తాలు ఏరుతూనే ఉంటుంది.

"ఏం అబ్బాయ్, ఇవాళా పట్టుకోలేదా?"

"నన్నెందుకు పట్టుకుంటుంది పిన్నిగారూ, నేను బాగానే ఉన్నాగా."

"ఆఁ, బాగున్నావు. నీ చొక్కా వీపు చూసుకున్నావా? పిండితే చెంబుడు నీళ్ళొస్తాయి."

"ఉక్కపోత."

"చలికాలం ఉక్కపోత! సర్లే. ఎక్కిన ప్రతిసారీ మరుసటి స్టేషన్‌లోనే దిగిపోతావు. అది వెచ్చబడొద్దూ? నీళ్ళు కాగకముందే పొయ్యి ఆర్పేసి టీ రాలేదంటే ఎలా?"

"నా షాపులు అలా ఉన్నాయి మరి."

"షాపులు అలా ఉన్నాయా, నువ్వలా పెట్టుకున్నావా?"

అంతలో స్టేషన్ వచ్చింది, అతను దిగిపోయాడు.

ఆ చలికాలంలోనే ఫ్రేములు చవకబడ్డాయి. బాగుచేయించే ఖర్చుకి ఇంకాస్త వేస్తే కొత్తవే వస్తున్నాయి. పదకొండు షాపులూ తిరిగినా సంచీ సగం కూడా నిండడం లేదు. ఇలాగే సాగితే వేసవికల్లా మళ్ళీ గోడౌన్‌కి వెళ్ళి అట్టపెట్టెల ముందు నిలబడాల్సిందే. గోడౌన్ యజమాని ఎదురుపడ్డప్పుడల్లా, "నీ చోటు ఖాళీగానే ఉంచానోయ్" అంటాడు. బాకీపడ్డ నెల జీతం ఊసు మాత్రం ఎత్తడు.

ఒకరోజు లావు అద్దాల షాపాయన అతణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు.

"నీ అదృష్టం పండింది కుర్రాడా. అవతలి ఒడ్డున కంటి ఆసుపత్రి ఉందా, అక్కడ స్టోరు చూసేది మా మరదలు. అక్కడికొచ్చే ముసలాళ్ళలో కళ్ళద్దాల మీద కూర్చోనివాళ్ళు లేరు. రోజుకో బుట్టెడు! కొత్తవి కొనుక్కునే స్తోమత ఉండదు, బాగుచేసేవాడు లేడు. నీ గురించి చెప్పాను. రేపు పదకొండింటికి రమ్మంది, చేతిపని చూస్తుందట. నచ్చితే రోజూ పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవడం, మర్నాడు ఇచ్చేయడం."

"అవతలి ఒడ్డా?"

"ఏం, అది దేశం కాదా? నా షాపు మెట్లు దిగి రైలెక్కితే తర్వాతి స్టేషన్ అదే. ఎంత, ఒక్క స్టేషన్!"

ఒక్క స్టేషనే. కానీ మధ్యలో నది ఉంది. సొరంగం నది అడుగునుంచి పోతుంది. ఇవతలి పదకొండు స్టేషన్ల దారినీ పక్కన పెట్టి కొలిస్తే దానిలో సగం పొడవుంటుంది ఆ ఒక్క సొరంగం. పైన వంతెన మరమ్మతుకని మూసేసి చాలాకాలమైంది. పని పూర్తయ్యేలోపు నది ఎండిపోతుందిలే, నడిచే దాటుదాం అని జనం నవ్వుకుంటారు. కళ్ళద్దాల కుర్రాడు మెట్లు దిగుతూనే లెక్క వేశాడు. గాలి నది సగందాకా కూడా రాలేదు.

ఇంట్లో బావ కంచం ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. బావ గోడలకి రంగులేస్తాడు. బల్లంతా కళ్ళద్దాలు పరుచుకున్నప్పటి నుంచి ఆ ఇంట్లో భోజనం ఒళ్ళోనే.

"ఏమోయ్ బావమరిదీ, ఇన్ని కళ్ళు నావంకే చూస్తుంటే ముద్ద దిగడం లేదు. ఆ ఆసుపత్రి పనేదో కుదిరిందంటే ఒక గది తీసుకో. మా బల్ల మాకు దక్కుతుంది."

"దక్కించుకుని ఏం చేస్తావు, రంగు డబ్బాలు పెడతావు" అంది అక్క.

"నా రంగు డబ్బాలు నీ తమ్ముడి కళ్ళద్దాల్లా గుడ్లురిమి చూడవు."

బావ చెయ్యి కడుక్కోవడానికి లేచాక అక్క గొంతు తగ్గించింది. "నేను రానా నీతో? లాండ్రీలో ఒక పూట సెలవడుగుతా."

"ఎందుకక్కా, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"అది కాదురా. నది..."

"నది పైనుంటుంది, నేను కిందుంటాను. మా ఇద్దరికీ ఏం సంబంధం?"

అక్క అతని చొక్కా తీసుకుని ఇస్త్రీ చేయడానికి వెళ్ళింది. రోజంతా లాండ్రీలో చేసే పనే. ఆ చొక్కాకి మాత్రం రెండుసార్లు చేసింది.

మర్నాడు ఆ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే అతను ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు. చివరి స్టేషన్ దాకా ఎప్పట్లాగే వెళ్తాడు. అక్కడ దిగి, లావు అద్దాల షాపాయనకి ఫోన్ చేసి, ఒళ్ళు కాలిపోతోందండీ, ఇంకోరోజు వెళ్తానంటాడు. ఇంకోరోజు ఉండదని అతనికీ తెలుసు. బుట్ట ఇంకెవరికో పోతుంది. అయినా ఫోన్ చేయడానికి సొరంగం దాటక్కర్లేదు.

స్టేషన్‌కొకసారి దిగి, ఎక్కి, దిగి, ఎక్కి పదో స్టేషన్‌కి చేరాడు. మూడో పెట్టె ఎక్కి పిడి పట్టుకున్నాడు. బొత్తాల పిన్ని ఎర్ర బొత్తాల్లోంచి కుంకుమరంగువి ఏరుతోంది. తలుపులు మూసుకున్నాయి. గోడ పరుగెత్తింది. లెక్క మొదలైంది. ఇంకాసేపట్లో పదకొండో స్టేషన్ వస్తుందనగా రైలు సొరంగంలో ఆగిపోయింది.

"ముందు రైలు కదిలితే మనమూ కదులుతాం" అంది మైకులో డ్రైవర్ గొంతు, ఆవలింతతో సహా.

ముందు రైలు కదల్లేదు.

మిగిలిన గాలి సున్నాకి వచ్చింది. ఆ తర్వాత సున్నా దాటింది. అతని లెక్క ఎప్పుడూ అంతదాకా పోలేదు కాబట్టి సున్నా తర్వాత ఏముంటుందో అతనికి తెలియదు. ఇప్పుడు పెట్టెలో ఉన్నది మైనస్ గాలి. చుట్టూ చూశాడు. ఎదుటి సీట్లో ఒకాయన మైనస్ గాలి పీల్చి తుమ్మాడు. ఆయన పక్కనావిడ మైనస్ గాలితోనే ఊపిరి సలపకుండా మొగుణ్ణి తిడుతోంది. కళ్ళద్దాల కుర్రాడు పిడికి దాదాపు వేలాడాడు.

అప్పుడు పిడి వెచ్చబడింది.

మొదట తన చేతి వేడే అనుకున్నాడు. తర్వాత రబ్బరు మెత్తబడింది. నిద్రలో ఒత్తిగిల్లే మనిషి చెయ్యి కదిలినట్టు అరచేతిలో ఏదో కదిలింది. అది వేళ్ళ మీదుగా వచ్చి మూసుకుంది. గట్టిగా ఏం కాదు. రోడ్డు దాటించేటప్పుడు పెద్దవాళ్ళు పిల్లల చెయ్యి పట్టుకుంటారే, అంత.

"పట్టుకుంది" అన్నాడు, ఎవరితోనో తెలియకుండానే.

"కనపడుతూనే ఉంది" అంది పిన్ని తలెత్తకుండా.

రైలు కదిలింది. పదకొండో స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ప్లాట్‌ఫాం మీది చల్లటి గాలి మొహానికి తగలగానే అబద్ధం గుర్తొచ్చి అతను తలుపువైపు అడుగేశాడు. చెయ్యి రాలేదు. లాగాడు.

"బోర్డు చదవలేదా బాబూ" అన్నాడు తుమ్మినాయన.

"నేను దిగాలండీ!"

"దిగుదువుగానిలే, అది వదిలాక."

"మొదటిసారిలా ఉంది పాపం" అంది మొగుణ్ణి తిడుతున్నావిడ, తిట్టడం ఆపి. "లాగకయ్యా, మణికట్టు పట్టేస్తుంది. మా మరిది లాగి వారం రోజులు ఎడమచేత్తో తిన్నాడు. ఇదిగో, ఈయన తమ్ముడే. తెలివితేటలు ఇంటి పేరులా అందరికీ ఒకేలా వచ్చాయి."

తలుపులు మూసుకున్నాయి.

రైలు కిందికి వంగడం పాదాలకి తెలిసింది. చెవులు మూసుకుపోయాయి. చక్రాల మోత మారి, ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు బొంగురుగా వినిపించింది. పైన నది. అతని నోట్లోంచి ఏదో చిన్న శబ్దం వచ్చింది.

"అబ్బాయ్, ఆ రెండో చెయ్యి ఖాళీగానే ఉందిగా. ఈ మూత పట్టుకో" అని పిన్ని రేకు పెట్టె మూత వెల్లకిలా తిప్పి అతని చేతిలో పెట్టింది. దాన్నిండా కుంకుమరంగు బొత్తాలు పోసింది. "కదపకు. కలిసిపోతే నా తల ప్రాణం తోకకొస్తుంది."

అతను మూత పట్టుకున్నాడు. రైలు ఊగినప్పుడల్లా బొత్తాలు ఒక మూలకి జారుతున్నాయి. అతను చెయ్యి కాస్త అటు వంచి, కాస్త ఇటు వంచి వాటిని మధ్యలో నిలుపుతున్నాడు.

"పిన్నిగారూ, నాకు భయం."

"తెలుసు. మూత వంచకు."

బొత్తాలు మధ్యకొచ్చాక, "మిమ్మల్ని ఎప్పుడైనా పట్టుకుందా?" అన్నాడు.

"మా ఆయన చనిపోయిన ఏడాది. పొద్దున ఎక్కితే మూడేసి చుట్లు తిప్పేది. దిగనిస్తేగా టైలర్ల దగ్గరికి పోవడానికి! చేసేదేముంది, నిలబడే ఇక్కడే అమ్మాను. ఎవరి చొక్కాకి బొత్తాం లేదో ఎదురుగా కనపడుతుందాయె. అంత బేరం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు." పిన్ని ఒక బొత్తాన్ని దీపం వైపు ఎత్తి చూసి, ఎర్రదని తేల్చుకుని పక్క అరలో వేసింది. "ఒకరోజు పట్టుకోలేదు. ఆ రోజు ఎందుకో ఏడుపొచ్చింది. కూర్చున్నాను."

గాలి లెక్క ఎక్కడ ఆపాడో అతనికి గుర్తులేదు. మళ్ళీ మొదలుపెడదామంటే బొత్తాలు జారుతున్నాయి.

సొరంగం పైకి తేలింది. చెవులు టప్పుమని విచ్చుకున్నాయి. అవతలి ఒడ్డున మొదటి స్టేషన్, తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఆసుపత్రికి దారి చూపించే బాణం. అతని మొహం విప్పారింది. "ఇక్కడే! నేను దిగాల్సింది ఇక్కడే!" అని చెయ్యి వదులు చేశాడు. పిడి వదులు చేయలేదు.

"అయ్యో, ఇప్పుడేంటి?"

"ఇప్పుడూ అంతే" అంది పిన్ని, మూత జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటూ. తర్వాతి స్టేషన్‌లో ఆవిడ దిగిపోయింది. దిగుతూ అతని చొక్కా కాలరు సర్ది, "ఇస్త్రీ ఎవరో శ్రద్ధగా చేశారు, నలపకు" అంది.

అతను ఎడమచేత్తో ఆసుపత్రికి ఫోన్ చేశాడు. స్టోరావిడ గొంతు కటువుగానే ఉంది.

"పదకొండు దాటింది. మీరేనా కళ్ళద్దాలవాళ్ళు?"

"నేనే మేడం. పట్టుకుంది."

అవతల గొంతు వెంటనే మారింది. "అలాగా. ఎక్కడ్నుంచి?"

"నది దాటకముందు నుంచే."

"అయితే ఇంకాసేపు పడుతుంది. నేను భోజనానికి వెళ్ళేదాకా ఉంటాను. లాగకండి. చేతిపని చూపించాల్సిన మనిషి, ఆ చెయ్యే పాడుచేసుకుంటే ఎలా?"

రైలు ఆ చివరి దాకా పోయింది. అతను ఎప్పుడూ పేర్లు కూడా వినని స్టేషన్లు వచ్చాయి, పోయాయి. ఆఖరి స్టేషన్‌లో జనమంతా దిగిపోయారు. పెట్టెలో అతనూ, పిడీ మిగిలారు. చీపురావిడ వచ్చి, "కాలెత్తు నాయనా" అంటే ఎత్తాడు, "ఇంకోటి" అంటే అదీ ఎత్తాడు. ఇటు చివర నుంచి అటు చివరికి టీ గ్లాసుతో నడిచిపోతున్న డ్రైవర్ అతని దగ్గర ఆగాడు.

"పట్టుకుందా?"

"ఆఁ."

"కంగారు పడకు. కుర్రతనంలో నన్ను పట్టుకుంటే ఓ పట్టాన వదిలేది కాదు. దిగడం ఎలాగూ లేదు కదా అని ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను" అని, ఒక గుక్క తాగి ముందుకి పోయాడు.

రైలు వెనక్కి బయల్దేరింది. కొత్త జనం ఎక్కారు. వాళ్ళలో ఒక ముసలాయన, కళ్ళద్దాలకి ఒక కాడ లేదు, దాని బదులు దారం చెవికి చుట్టుకున్నాడు. పిన్ని సీట్లోనే కూర్చుని, దారం జారినప్పుడల్లా పైకి తోసుకుంటూ, "బాబూ, కంటి ఆసుపత్రి స్టేషన్ వస్తే చెప్పు. నాకు బోర్డు రెండుగా కనపడుతోంది" అన్నాడు.

"కాడ ఏమైంది తాతగారూ?"

"జేబులో ఉంది. ఊడిపడింది. కొత్తవి కొనమన్నారు."

"ఇలా ఇవ్వండి."

కాడ బాగానే ఉంది, మర పోయింది. అతను సంచీలోంచి మరల డబ్బా తీశాడు, సరైన మరని పట్టకారుతో పట్టి కన్నంలో కూర్చోబెట్టాడు, స్క్రూడ్రైవర్ తిప్పాడు. రెండో కాడ మర కూడా వదులుగా ఉంది. దాన్నీ బిగించాడు. ముక్కు మీద ఆనే చోట ఒకవైపు వంగిపోయి ఉంటే రెండు బొటనవేళ్ళతో నొక్కి సరిచేశాడు. కళ్ళద్దాలు దీపం ముందు ఎత్తిపట్టుకుని వంకర చూస్తున్నప్పుడు తట్టింది, తను పట్టుకున్నది రెండు చేతులతోనని. తలెత్తి చూశాడు. పిడి మిగతా పిడులతో పాటు ఊగుతోంది. ఎప్పుడు వదిలిందో తెలియలేదు.

"స్టేషన్ వచ్చింది తాతగారూ, పదండి" అన్నాడు.

స్టోరావిడ భోజనానికి బయల్దేరబోతూ అతణ్ణి చూసి ఆగింది. లావు అద్దాల షాపాయన మరదలంటే అవే అద్దాలుంటాయనుకున్నాడు గానీ, ఆవిడకి అసలు కళ్ళద్దాలే లేవు. బుట్టలోంచి ఒక జత తీసి అతని ముందు పెట్టింది. ఎవరో నిజంగానే కూర్చున్న జత అది. అతను పని చేస్తున్నంతసేపూ ఆవిడ వేళ్ళవైపే చూసింది. అయ్యాక తీసుకుని, బల్ల మీద పెట్టి, రెండు కాడలూ సమంగా ఆనాయో లేదో వంగి చూసింది.

"బాగుంది" అంది. "ఇంకో మాట. రోజూ తిరగడం ఎందుకు? పైన ఒక గది ఖాళీగా ఉంది. పెద్ద కిటికీ, గాలీ వెలుతురూ బాగుంటాయి. అద్దె లేదు, వెనక పడుకోవడానికీ చోటుంది. ఇక్కడే ఉండిపోండి. కాకపోతే మా పని ఒక్కటే చేయాలి, బయటి షాపులు వద్దు. రండి, చూద్దురుగాని."

గది నిజంగానే బాగుంది. కిటికీలోంచి నది కనిపించింది, పైనుంచి. ఎంత వెడల్పుందో అతను అప్పుడే మొదటిసారి చూశాడు. దాని కింద ఏముందో పైకి ఏమీ తెలియడం లేదు.

అలవాటు కొద్దీ లెక్క వచ్చింది. ఆసుపత్రి బుట్ట ఇంత, అద్దె మిగులు ఇంత. నదికి అటువైపు పదకొండు షాపులు, అవి సగం సంచీ ఇచ్చినా ఇంత, దానికి ఆసుపత్రి బుట్ట కలిపితే ఇంత. ఇటు చివర అతను పేర్లు వినని ఆ స్టేషన్లు, వాటి పక్కన షాపులు ఉండే ఉంటాయి. అతను వేసుకున్న ప్రతి లెక్కలోనూ చివర తీసివేయాల్సిన గాలి అంకె ఒకటి వచ్చి కూర్చునేది. దాని కోసం కాసేపు ఆగాడు. రాలేదు. ఇకముందు వస్తుందేమో తెలియదు. ఇప్పటికి రాలేదు.

"గది వద్దు మేడం. రోజూ వస్తాను."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "రోజూ నది కిందనుంచా? ఇవాళే కదా పట్టుకుంది. మళ్ళీ పట్టుకుంటే?"

"పట్టుకుంటే ఫోన్ చేస్తాను."

"సరే మీ ఇష్టం" అని ఆవిడ కిందికొచ్చి బుట్టలోని జతలన్నీ అతని సంచీలోకి వంచింది. "ఇవి రేపు పొద్దునకి కావాలి. వీటి కోసం జనం తడుముకుంటూ కూర్చుంటారు. ఆలస్యం చేయకండి."

సంచీ నోరు ముడిపడనంత నిండింది. అతను దాన్ని భుజానికి తగిలించుకుని మెట్లు దిగి, నది వైపు పోయే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. నోట్లో తడి ఆరుతోంది. నీళ్ళ సీసా తీసి ఒక గుక్క తాగాడు.

సొరంగం లోపలి నుంచి గాలి ముందొచ్చింది, తర్వాత రైలు వచ్చింది. అతను నిలబడ్డ చోట ఆగింది ఐదో పెట్టె. మూడో పెట్టె తలుపు కాస్త ముందుకుంది, పరుగెత్తితే అందుతుంది. అది తన ముందునుంచి పోతున్నప్పుడు కిటికీలో పిడి కనిపించింది, దాన్ని పట్టుకుని యూనిఫాంలో ఉన్న ఒక నర్సమ్మ రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. ఐదో పెట్టె తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్ళు దిగారు. అతను సంచీని ముందుకి తిప్పుకుని, కళ్ళద్దాలు నలగకుండా రెండు చేతులూ దాని చుట్టూ వేసి, కుడికాలు ఎత్తాడు.